చట్టం ముందు ప్రభుత్వమూ ఒక వర్తకుడే: జస్టిస్ కోకా సుబ్బారావు

(డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

గుంటూరు, బ్రాడీపేట: ప్రభుత్వం సొంతంగా బజారు నడిపినా, బియ్యం నిల్వ చేసినా, విత్తనాలు విక్రయించినా, ఇళ్ళు కట్టించి ఇచ్చినా ఆ వ్యవహారంలో చట్టం ముందు అది కూడా ఇతర వర్తకులతో సమానమేనన్న సూత్రం నేడు అందరికీ సహజంగా తోస్తుంది. విద్యుత్ సంస్థపైనా, గృహనిర్మాణ మండలిపైనా, విత్తన సంస్థపైనా వినియోగదారుల కమిషన్లలో ఫిర్యాదులు దాఖలు కావడం నిత్యకృత్యమైంది. అయితే 1966 డిసెంబరు వరకు ఈ దేశంలో అమలులో ఉన్న న్యాయసూత్రం ఇందుకు భిన్నమైనది. శాసనంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప ప్రభుత్వం ఆ శాసనానికి కట్టుబడనవసరం లేదన్నది నాటి నియమం. ఆ నియమాన్ని తొలగించిన సుప్రీంకోర్టు ధర్మాసనానికి నాయకత్వం వహించిన వారు జస్టిస్ కోకా సుబ్బారావు. గుంటూరు కేంద్రంగా ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సుబ్బారావు, అనంతరం భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించారు. వినియోగదారుల రక్షణ చట్టం వచ్చేనాటికి వారు కీర్తిశేషులై పదేళ్ళు గడిచాయి. అయినప్పటికీ ఆ చట్టం నిలబడిన పునాదులను పరిశీలించే వారికి సుబ్బారావు తీర్పులు పదే పదే ఎదురవుతాయి.

బాపట్ల నుంచి మద్రాసుకు

కోకా సుబ్బారావు 1902 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యేశ్వరరావు న్యాయవాది. తండ్రి చిన్న వయసులోనే మరణించారు. రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో పట్టభద్రులైన సుబ్బారావు మద్రాసు న్యాయ కళాశాలలో చదివి న్యాయవాద వృత్తిని స్వీకరించారు. తొలుత తమ మామగారైన పి. వెంకటరమణారావు వద్ద పనిచేశారు. కొంతకాలం నాటి గుంటూరు జిల్లా బాపట్లలో జిల్లా మున్సిఫ్‌గా విధులు నిర్వహించారు. దావాకు స్టాంపు రుసుము చెల్లించేందుకే తడుముకునే చిన్న రైతులు, కౌలుదారులు, చిల్లర వర్తకులు మున్సిఫ్ కోర్టు మెట్లెక్కే కాలమది. ఆ స్థాయి న్యాయస్థానంలో కూర్చున్న అనుభవం తరువాతి కాలంలో దేశ అత్యున్నత న్యాయస్థానానికి చేరిన అందరికీ దక్కినది కాదు.

వెంకటరమణారావు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిన తరువాత సుబ్బారావు తమ బావమరిది పి.వి. రాజమన్నారుతో కలిసి మద్రాసులో ప్రాక్టీసు సాగించారు. రాజమన్నారు అనంతరం మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సుబ్బారావు 1948 మార్చిలో అదే హైకోర్టులో న్యాయమూర్తిగా నియమితులయ్యారు.

గుంటూరులో ఆంధ్ర హైకోర్టు

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. రాజధాని ఒక ప్రాంతంలో, హైకోర్టు మరొక ప్రాంతంలో ఉండాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తికి అనుగుణంగా హైకోర్టు గుంటూరుకు దక్కింది. దాని ఏర్పాటుకు సంబంధించిన ప్రత్యేకాధికారి బాధ్యతలను సుబ్బారావుకు అప్పగించారు. 1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు గుంటూరులో ప్రారంభం కాగా సుబ్బారావు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా బాధ్యతలు స్వీకరించారు. అంతవరకు ప్రతి అప్పీలుకూ మద్రాసు రైలెక్కవలసిన కోస్తా, రాయలసీమ కక్షిదారులకు సొంతగడ్డపై ఉన్నత న్యాయస్థానం అందుబాటులోకి వచ్చింది. మద్రాసులో స్థిరపడిన పలువురు తెలుగు న్యాయవాదులు గుంటూరుకు తరలివచ్చారు. లైన్లు, అడ్డరోడ్లుగా తీర్చిదిద్దిన బ్రాడీపేట, దానికి పొరుగునే ఉన్న అరండల్‌పేట నేటికీ న్యాయవాదులకు, వైద్యులకు, విద్యాసంస్థలకు నెలవులుగా ఉన్నాయి.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరణతో హైకోర్టు హైదరాబాదుకు తరలింది. సుబ్బారావు అక్కడ కూడా ప్రధాన న్యాయమూర్తిగా కొనసాగారు. గుంటూరులో హైకోర్టు కొలువైన కాలం రెండేళ్ళ పైచిలుకే అయినా, కొత్త రాష్ట్రానికి న్యాయవ్యవస్థను సమకూర్చిన కాలంగా అది చరిత్రలో నిలిచింది. రాష్ట్ర పునర్విభజన అనంతరం 2019లో హైకోర్టు తిరిగి గుంటూరు జిల్లాలోని అమరావతికి రావడం గమనార్హం.

బలవంతుని ఎదుట బలహీనుడు

1958 జనవరి 31న సుబ్బారావు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పదవీ బాధ్యతలు చేపట్టారు. అదే ఏడాది బషేశర్ నాథ్ అనే ఆదాయపు పన్ను చెల్లింపుదారుని కేసు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చింది. పన్ను బకాయి విషయమై ఆయన ప్రభుత్వంతో రాజీ ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ ఒప్పందానికి ఆధారమైన ప్రక్రియ రాజ్యాంగ విరుద్ధమని తరువాత తేలింది. ఒప్పందంపై సంతకం చేసినందున తన హక్కును ఆయన స్వయంగా వదులుకున్నట్లేనని ప్రభుత్వం వాదించింది. ధర్మాసనం ఆ వాదనను తిరస్కరించింది.

సుబ్బారావు విడిగా వెలువరించిన తీర్పులో మరొక మెట్టు ముందుకు వెళ్ళారు. దేశ ప్రజలలో అత్యధికులు పేదలని, చదువులో వెనుకబడినవారని, తమ హక్కులపై ఇంకా అవగాహన ఏర్పడనివారని ఆయన గుర్తుచేశారు. అటువంటి వారు ఒంటరిగా గానీ, సంఘటితంగా గానీ ప్రభుత్వ సంస్థలతో సరిసమానంగా నిలువలేరని, కాబట్టి వారు తమంతట తామే హక్కును వదులుకోబోయినా న్యాయస్థానం దానిని కాపాడవలసి ఉంటుందని భావించారు. ఏ ప్రాథమిక హక్కునూ వదులుకోవడానికి వీలులేదని తేల్చి చెప్పారు.

అది పన్ను కేసు. వస్తువుల కొనుగోలుతో దానికి ప్రత్యక్ష సంబంధం లేదు. అయితే రసీదు వెనుక చిన్న అక్షరాలతో ముద్రించిన షరతులు, చదవకుండానే సంతకం చేయవలసి వచ్చే దరఖాస్తులు, అమ్మిన వస్తువు తిరిగి తీసుకోబడదన్న బోర్డులు వినియోగదారుని ఎంతవరకు కట్టివేయగలవన్న ప్రశ్నకు మూలంలో ఉన్నది కూడా ఇదే అసమానత. అమ్మేవానికి ఉన్న సమాచారం, స్తోమత కొనేవానికి ఉండవన్న గుర్తింపు లేనిదే వినియోగదారుల చట్టానికి అవసరమే ఉండదు. 2019 నాటి చట్టం ఏకపక్ష ఒప్పందాలను అన్యాయపు ఒప్పందాలుగా నిర్వచించి, వాటిని రద్దు చేసే అధికారాన్ని రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది.

విన్నవారే తేల్చాలి

1958 నవంబరులోనే సుబ్బారావు రాసిన మరొక ముఖ్యమైన తీర్పు కృష్ణా జిల్లా బస్సులకు సంబంధించినది. ప్రైవేటు బస్సు మార్గాలను ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు అప్పగించే పథకాన్ని ప్రభుత్వం ప్రకటించగా బస్సు యజమానులు అభ్యంతరాలు దాఖలు చేశారు. ఆ అభ్యంతరాలను రవాణా వ్యవహారాలు చూసే శాఖ కార్యదర్శి విన్నారు. నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకున్నారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా ప్రసిద్ధికెక్కిన ఈ వ్యాజ్యంలో మెజారిటీ తీర్పును సుబ్బారావు వెలువరించారు. ఒకరు వినడం, మరొకరు తేల్చడం విచారణ అనిపించుకోదని, వివాదంలో ఒక పక్షమైన శాఖకు చెందిన అధికారే విచారణ జరపడం సహజ న్యాయానికి విరుద్ధమని ఆ తీర్పు పేర్కొంది.

ఫిర్యాదుల పరిష్కారంతో సంబంధం ఉన్న ప్రతి అధికారికీ ఈ తీర్పు నేటికీ మార్గదర్శకమే. ఏ సంస్థ సేవపై ఫిర్యాదు వచ్చిందో ఆ సంస్థే తుది తీర్పరి కారాదన్న భావనతోనే స్వతంత్రమైన వినియోగదారుల న్యాయ వేదికలు రూపుదిద్దుకున్నాయి.

ఓర్ఫన్‌గంజ్ బజారు కేసు

1966 జూన్ 30న సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ పదవిలో ఉన్నది తొమ్మిది నెలల పైచిలుకు మాత్రమే. ఆ స్వల్ప వ్యవధిలోనే కలకత్తా కార్పొరేషన్ కేసు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వచ్చింది.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కలకత్తాలోని ఓర్ఫన్‌గంజ్ రోడ్డులో ఒక బజారును నడిపేది. నగరంలో బజారు నడిపేవారెవరైనా కార్పొరేషన్ నుంచి లైసెన్సు పొందాలన్నది మున్సిపల్ చట్టం. ప్రభుత్వం లైసెన్సు తీసుకోలేదు. కార్పొరేషన్ కేసు పెట్టగా మేజిస్ట్రేటు కొట్టివేశారు. హైకోర్టు మాత్రం ప్రభుత్వాన్ని దోషిగా నిర్ధారించి జరిమానా విధించింది. దానిపై ప్రభుత్వం సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

ప్రభుత్వ వాదనకు బలమైన ఆధారాలే ఉన్నాయి. శాసనంలో స్పష్టంగా పేర్కొంటే తప్ప రాజు దానికి బద్ధుడు కాడన్న ఇంగ్లండు సూత్రం భారతదేశానికి కూడా వర్తిస్తుందని 1946లో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. స్వాతంత్ర్యానంతరం 1960లో సుప్రీంకోర్టు సైతం అదే దారి పట్టింది. కలకత్తాలో లైసెన్సు లేకుండా బియ్యం నిల్వ చేసిన రేషనింగ్ శాఖ డైరెక్టరుపై నాడు దాఖలైన కేసు ఆ కారణంగానే నిలువలేదు.

1966 డిసెంబరు 7న వెలువడిన తీర్పులో సుబ్బారావు నాయకత్వంలోని మెజారిటీ ఆ పాత తీర్పును పక్కన పెట్టింది. రాజు పేరిట పుట్టిన ప్రత్యేక హక్కుకు గణతంత్ర రాజ్యంలో తావులేదని, చట్టం ముందు అందరూ సమానులన్న రాజ్యాంగ విధానంతో అది పొసగదని నిర్ణయించింది. శాసనం ప్రత్యేకంగా గానీ, దాని భావాన్ని బట్టి గానీ మినహాయిస్తే తప్ప పౌరునికి వర్తించిన చట్టమే ప్రభుత్వానికీ వర్తిస్తుందని స్పష్టం చేసింది. జస్టిస్ జె.సి. షా మాత్రం ఈ అభిప్రాయంతో విభేదించారు.

పైకి చూస్తే ఇది ఒక బజారు లైసెన్సుకు సంబంధించిన చిన్న వివాదం. కానీ భారము ఎవరిపై ఉందన్న విషయంలో ఇది పెను మార్పు తెచ్చింది. అంతకు ముందు, ఫలానా చట్టం ప్రభుత్వానికి వర్తిస్తుందని పౌరుడు చూపించుకోవలసి వచ్చేది. ఆ తరువాత, తనకు వర్తించదని ప్రభుత్వమే చూపించుకోవలసి వచ్చింది.

నేరం వేరు, నష్టపరిహారం వేరు

సుబ్బారావును కేవలం కొనుగోలుదారుల పక్షపాతిగా చిత్రించడం సరికాదు. వర్తకుని స్వేచ్ఛ పట్ల కూడా ఆయన అంతే జాగరూకత వహించారు. మధ్యప్రదేశ్‌కు చెందిన నాథూలాల్ అనే ధాన్యం వర్తకుడు లైసెన్సుకు దరఖాస్తు చేసి, అది తప్పక వస్తుందన్న నమ్మకంతో నిబంధనల ప్రకారం లెక్కలు సమర్పిస్తూ గోధుమలు నిల్వ చేశాడు. నిత్యావసర వస్తువుల చట్టం కింద అతనిపై మోపిన నేరాన్ని 1965లో సుబ్బారావు తమ తీర్పులో కొట్టివేశారు. దురుద్దేశం లేనిదే నేరం లేదన్న సూత్రాన్ని, శాసనం స్పష్టంగా తొలగిస్తే తప్ప, విడిచిపెట్టరాదని ఆయన భావించారు.

అయితే ఆహార కల్తీ విషయంలో న్యాయవ్యవస్థ మరింత కఠినమైన వైఖరి అవలంబించవలసి వచ్చింది. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ప్రకారం, సరుకు కల్తీదని తనకు తెలియదని చెప్పి విక్రేత తప్పించుకునే వీలు ఉండేది కాదు. ఈ నిబంధనను ఆంధ్రప్రదేశ్ ధాన్య, విత్తన వర్తకుల సంఘం సవాలు చేయగా, సుబ్బారావు పదవిని వీడిన తరువాత, 1970లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. తినే వస్తువు విషయంలో ప్రజారోగ్యమే ప్రధానమన్నది ఆ తీర్పు సారాంశం. మిరపకు దేశదేశాలలో పేరు గడించిన గుంటూరు వంటి మార్కెట్‌కు ఈ సూత్రం ప్రాధాన్యం వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ రెండు తీర్పులను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు వినియోగదారుల చట్టం ఎంచుకున్న మార్గం అర్థమవుతుంది. వినియోగదారుల కమిషన్ అమ్మకందారుని మనసులోకి తొంగిచూడదు. వస్తువులో లోపం ఉన్నదా, సేవలో కొరత ఉన్నదా, దానివల్ల నష్టం వాటిల్లినదా అన్నవే అక్కడి ప్రశ్నలు. జైలుశిక్షకు దురుద్దేశం కావాలన్న సుబ్బారావు వాదనకు భంగం కలగకుండానే నష్టపోయినవారికి పరిహారం అందే మార్గం ఆ విధంగా ఏర్పడింది.

పదవీ త్యాగం, చివరి దశ

1967 ఫిబ్రవరి 27న వెలువడిన గోలక్‌నాథ్ తీర్పు సుబ్బారావుకు దేశవ్యాప్త ఖ్యాతినీ, అంతే తీవ్రమైన విమర్శనూ తెచ్చింది. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదన్న ఆ తీర్పు భూసంస్కరణలకు ఆటంకమన్న వాదన వినవచ్చింది. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చి, రాజ్యాంగ మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని నెలకొల్పింది. 1962లో ఖరక్ సింగ్ కేసులో పౌరుని ఏకాంతానికి రక్షణ ఉందంటూ సుబ్బారావు రాసిన అసమ్మతి తీర్పు మాత్రం 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆమోదం పొందింది.

పదవీ విరమణకు మూడు నెలల ముందు, 1967 ఏప్రిల్ 11న సుబ్బారావు రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేశారు. ప్రధాన న్యాయమూర్తి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడంపై భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి. ఆ ఎన్నికలో డాక్టర్ జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ లభించగా, సుబ్బారావుకు 3,63,971 లభించింది. 1976 మే 6న ఆయన కన్నుమూశారు.

పత్తి, మిరప రైతుకు అందిన ఫలం

1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ప్రైవేటు సంస్థలతో పాటు ప్రభుత్వ రంగ సంస్థలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు, ఇళ్ళు, స్థలాలు సమకూర్చే చట్టబద్ధ సంస్థలు సేవ అందిస్తున్నట్లేనని నిర్ణయించింది. అంతటితో ఆగక, అధికారుల వేధింపు కారణంగా చెల్లించవలసి వచ్చిన పరిహారాన్ని ప్రజాధనం నుంచి కాక, బాధ్యులైన ఉద్యోగుల నుంచి రాబట్టాలని పేర్కొంది. 1995లో వైద్యసేవలు కూడా ఈ చట్టం కిందకు వస్తాయని, అందరికీ పూర్తి ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రులు మాత్రం రావని తీర్పు వెలువడింది.

గుంటూరు, ప్రకాశం మైదానాల రైతులకు అత్యంత ముఖ్యమైన తీర్పు 2012 జనవరి 16న వచ్చింది. మొలకెత్తని, దిగుబడి ఇవ్వని విత్తనాల వల్ల నష్టపోయామంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాల రైతులు జాతీయ విత్తన సంస్థపై జిల్లా ఫోరాలను ఆశ్రయించారు. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. విత్తనాలకు 1966 నాటి ప్రత్యేక చట్టం ఉన్నందున వినియోగదారుల ఫోరాలకు అధికారం లేదని, రైతులు వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారులు కారని, విత్తన నమూనాను ప్రయోగశాలలో పరీక్షించలేదని సంస్థ వాదించింది. సుప్రీంకోర్టు ఈ వాదనలన్నింటినీ తోసిపుచ్చింది. కొన్న విత్తనమంతా పొలంలో చల్లిన రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలనడం అసంగతమని, అదే లాటు నమూనాను సంస్థే పరీక్షకు పంపి ఉండవచ్చునని పేర్కొంది. విత్తనాల చట్టంలో రైతుకు పరిహారం ఇప్పించే ఏర్పాటు లేదన్న అంశాన్ని కూడా ఎత్తిచూపింది.

తెల్లదోమ విజృంభణతో 1987-88లో పత్తి పంట నాశనమై రైతుల బలవన్మరణాలను చూసిన ఈ రెండు జిల్లాలకు విత్తనం, పురుగుమందు నాణ్యత ప్రాణాలతో ముడిపడిన విషయం. ఒక సీజన్ పోతే ఆ ఏడాది పోయినట్లే. కౌలు, అప్పు, వడ్డీ మాత్రం ఆగవు.

నేటి చట్టం, నేటి కర్తవ్యం

2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి చట్టం ఉత్పత్తి బాధ్యతకు ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించింది. లోపభూయిష్టమైన వస్తువు వల్ల ప్రాణానికి, శరీరానికి, ఆస్తికి హాని కలిగితే తయారీదారు, విక్రేత, సేవాదారు ఎవరి మేరకు వారు పరిహారానికి బాధ్యులు. వస్తువు గురించి తయారీదారు స్పష్టమైన హామీ ఇచ్చి, వస్తువు అందుకు తగినట్లు లేకపోతే, తాను నిర్లక్ష్యం చేయలేదని నిరూపించుకున్నా బాధ్యత తప్పదు. వస్తువును దుర్వినియోగం చేసినవారికి మాత్రం ఈ రక్షణ లభించదు.

వినియోగదారు తాము నివసించే చోట గానీ, పనిచేసే చోట గానీ ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. తయారీదారు వేరే రాష్ట్రంలో ఉన్నా గుంటూరు రైతు గుంటూరులోనే కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు ఉంటే రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్ విచారిస్తాయి. 5 లక్షల వరకు రుసుము లేదు. కారణం తలెత్తిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. బిల్లు, విత్తన సంచిపై ఉన్న లాటు నంబరు భద్రపరచుకోవడం, పంట దెబ్బతిన్న వెంటనే వ్యవసాయాధికారికి తెలియజేసి పరిశీలన నివేదిక పొందడం రైతుకు ఎంతో మేలు చేస్తుంది. న్యాయవాదుల సేవలు ఈ చట్టం పరిధిలోకి రావని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బ్రాడీపేట లైన్లలోని ఆసుపత్రులకు, దుకాణాలకు మాత్రం అటువంటి మినహాయింపు లేదు.

ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసేవారికి సుబ్బారావు జీవితం ఇచ్చే సందేశం సూటియైనది. రుసుము తీసుకుని సేవ అందించే శాఖ గానీ, సంస్థ గానీ, ప్రభుత్వానిదన్న ఒక్క కారణంతో ప్రత్యేక గౌరవం కోరజాలదు. కమిషన్ నుంచి నోటీసు వచ్చినప్పుడు అధికార పరిధి లేదన్న అభ్యంతరంతో ఏళ్ళు గడపడం కంటే, ఫిర్యాదుదారునికి నిజంగా నష్టం జరిగిందా అని పరిశీలించి సకాలంలో సరిదిద్దడమే ఆ న్యాయమూర్తి నిర్ణయించిన సూత్రానికి తగిన ఆచరణ. గుంటూరులో ఆంధ్రుల తొలి హైకోర్టును తీర్చిదిద్దిన ఆయనకు అర్పించగల నివాళి కూడా అదే.